పదింటి అపాయింట్‌మెంట్ పదకొండున్నరకు ఎందుకు జారుతుంది? డాక్టరు గది బయట ఎదురుచూపు వెనుక లెక్కలు

అపాయింట్‌మెంట్ పదింటికి. పావు తక్కువ పదికే వచ్చి కూర్చున్నారు. పదకొండు దాటినా పిలుపు లేదు. లోపల ఎవరున్నారో, ముందు ఇంకా ఎంతమంది ఉన్నారో, అసలు డాక్టరు వచ్చారో లేదో చెప్పే దిక్కు లేదు. ఒంట్లో బాగోలేకే కదా వచ్చింది. ఆ స్థితిలో గంటన్నర కుర్చీలో కూర్చోబెడితే కోపం రావడం సహజం, న్యాయం కూడా.

చిక్కల్లా ఆ కోపం ఎవరి మీద చూపాలన్నదే. మన సమయమంటే డాక్టర్లకు లెక్కలేదని రోగులంటారు. చెప్పిన వేళకు రారు, ఒక సమస్యని మొదలుపెట్టి నాలుగు చెబుతారని డాక్టర్లంటారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. కానీ ఆలస్యంలో పెద్ద వాటా ఏ ఒక్కరి తప్పూ లేకుండానే పుడుతుంది. అపాయింట్‌మెంట్ల పట్టికను ఎలా వేశారు, వేసేటప్పుడు ఎవరి సమయం వృథా కాకూడదనుకున్నారు అన్నదాన్ని బట్టి అది పెరుగుతుంది, తరుగుతుంది.

ఎదురుచూపు ఒకటి కాదు, రెండు

డాక్టరు దగ్గర ఆలస్యం అన్నప్పుడు రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతుంటాయి. ఫోన్ చేసిన రోజు నుంచి అపాయింట్‌మెంట్ తేదీ వరకు గడిచే రోజులో వారాలో ఒకటి. ఆ తేదీన గది బయట గడిచే నిమిషాలో గంటలో రెండోది. మూడు వారాల తర్వాత తేదీ ఇచ్చిన చోట ఆ రోజు వెళ్లగానే లోపలికి పిలవొచ్చు. ఎప్పుడొచ్చినా ఆ రోజే చూస్తామనే చోట నాలుగు గంటలు కూర్చోవలసి రావొచ్చు. రెండింటి కారణాలు వేరు, మందులూ వేరు.

రెండోదాన్ని కొలవడంలోనూ ఒక మెలిక ఉంది. అపాయింట్‌మెంట్ 10:00కి అనుకోండి. మీరు 9:40కి వచ్చారు. 10:05కి నర్సు పిలిచి బీపీ, బరువు చూసి మళ్లీ కూర్చోమన్నారు. డాక్టరు 10:40కి చూశారు. వచ్చినప్పటి నుంచి లెక్కేస్తే మీ ఎదురుచూపు 60 నిమిషాలు. అపాయింట్‌మెంట్ వేళ నుంచి అయితే 40. మొదటి పిలుపు వరకే లెక్క అని ఆసుపత్రి అనుకుంటే 5. మూడూ అబద్ధం కాదు. మా దగ్గర సగటున ఐదు నిమిషాల్లో పిలుస్తాం అన్న బోర్డుకూ, అక్కడ గంట కూర్చున్న మనిషి అనుభవానికీ పొంతన కుదరకపోవడం ఇలాగే జరుగుతుంది.

సగటు పది నిమిషాలైనా వరుస ఎందుకు పేరుకుంటుంది

ఎనిమిది మందికి పది నిమిషాల చొప్పున 9:00 నుంచి అపాయింట్‌మెంట్లు ఇచ్చారు. అందరూ చెప్పిన వేళకే వచ్చారు. డాక్టరు కూడా 9:00కే కుర్చీలో ఉన్నారు. ఒక్కొక్కరికి నిజంగా పట్టిన సమయం వరుసగా 7, 15, 6, 18, 5, 12, 9, 8 నిమిషాలు. మొత్తం 80. సగటు సరిగ్గా పది. అంటే పట్టిక వేసినవారి అంచనాలో తప్పేమీ లేదు.

అయినా ఏమైందో చూడండి. మొదటి మనిషి పని 9:07కే అయిపోయింది. రెండోవారు 9:10కి గానీ రారు కాబట్టి డాక్టరు మూడు నిమిషాలు ఖాళీగా కూర్చున్నారు. రెండోవారికి పావుగంట పట్టింది. అక్కడి నుంచి ఆఖరి వరకు ప్రతి ఒక్కరూ ఎంతోకొంత ఆగవలసి వచ్చింది: 5, 1, 9, 4, 6, 5 నిమిషాలు. మొత్తం 30. పని 10:20కి బదులు 10:23కి ముగిసింది.

మిగిలిన మూడు నిమిషాలను దాచుకుని తర్వాత వాడుకునే వీలు లేదు. ఆలస్యం మాత్రం తర్వాతివారికి చేరుతుంది. సగటు ఎంత కచ్చితంగా ఉన్నా వరుస పేరుకునేది ఈ తేడా వల్లే. చూసే సమయం ఎంత ఎక్కువగా మారుతుంటే ఎదురుచూపు అంత పెరుగుతుంది.

మరి ఆ మార్పును తగ్గించలేమా? కొంత తగ్గించవచ్చు, పూర్తిగా కుదరదు, కుదరకూడదు కూడా. లేచి తలుపు దాకా వెళ్లి, 'ఇంకో మాట డాక్టరుగారూ, రెండు రోజులుగా ఛాతీలో కాస్త బరువుగా ఉంటోంది' అనే మనిషిని మీ పది నిమిషాలూ అయిపోయాయని పంపించే డాక్టరు మంచి డాక్టరు కాడు. బయట కూర్చున్నవాళ్లకు ఆలస్యంగా తెలిసేది, లోపల ఒకరికి దక్కిన ఓపిక కావచ్చు. ఇక్కడ ఇంకో వైపు కూడా చూడాలి. 2017లో వచ్చిన ఒక పెద్ద పరిశీలన 67 దేశాల లెక్కలను పోల్చింది. ప్రాథమిక వైద్యంలో డాక్టరు ఒక రోగితో గడిపే సగటు సమయం బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, స్వీడన్‌లో 22 నిమిషాల 30 సెకన్లు. ప్రపంచ జనాభాలో దాదాపు సగం మంది ఉన్న 18 దేశాల్లో అది ఐదు నిమిషాలో అంతకన్నా తక్కువో. వరుస వేగంగా కదలడమే గీటురాయి అయితే 48 సెకన్లను మెచ్చుకోవాల్సి వస్తుంది.

డాక్టరు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వస్తే

అదే ఎనిమిది మంది, అవే సమయాలు. డాక్టరు మాత్రం 9:20కి వచ్చారు. వార్డులో రోగి పరిస్థితి విషమించి ఉండొచ్చు, ఆపరేషన్ అనుకున్నదానికన్నా ఎక్కువసేపు పట్టి ఉండొచ్చు, ఏ కారణమూ లేకపోవచ్చు కూడా. ఇప్పుడు ఒక్కొక్కరి ఎదురుచూపు 20, 17, 22, 18, 26, 21, 23, 22 నిమిషాలు. మొత్తం 169.

ఇంతకుముందు 30 ఉన్నది 169 అయింది. ఒకరి ఇరవై నిమిషాలు బయట కూర్చున్నవారి దగ్గర 139 నిమిషాలుగా మారాయి. పట్టికలో ఎక్కడా ఊపిరి తీసుకునే ఖాళీ లేదు కాబట్టి ఆలస్యం కరిగే దారి లేక ఆఖరి మనిషి దాకా అలాగే సాగింది. ఎనిమిది మందికి బదులు ముప్పై మంది ఉంటే ముప్పై మందికీ ఇదే గతి. గంట గంటకూ పది నిమిషాల ఖాళీ వదిలే డాక్టర్లు తక్కువ మందిని చూస్తున్నట్టు పైకి కనిపిస్తారు. నిజానికి ఆ ఖాళీ తేరుకోవడానికి వదిలినది. మొదటి అపాయింట్‌మెంట్ దొరికితే మంచిదని చాలామంది అనుకునేదీ ఇందుకే. ఆలస్యం పేరుకోకముందే వారి పని అయిపోతుంది. అయితే డాక్టరే ఆలస్యంగా వస్తే ఆ మొదటి మనిషికీ రక్షణ లేదు.

అందరినీ ఒకే వేళకు రమ్మనడంలో ఉన్న తర్కం

ఎనిమిది మందికీ 9:00కే రమ్మని చెబితే? రోగులకు ఇది అన్యాయంగా కనిపిస్తుంది. కానీ దీని వెనుక తర్కం లేకపోలేదు. డాక్టరుకు ఒక్క నిమిషం కూడా వృథా కాదు, 10:20కల్లా పని పూర్తవుతుంది. ఇద్దరు రాకపోయినా నష్టం లేదు. రోగుల వైపు లెక్క మాత్రం 0, 7, 22, 28, 46, 51, 63, 72. మొత్తం 289 నిమిషాలు.

పది నిమిషాల పద్ధతిలో డాక్టరు మూడు నిమిషాలు ఖాళీగా ఉన్నారు, రోగులు 30 నిమిషాలు ఆగారు. ఇక్కడ ఆ మూడు నిమిషాలను మిగల్చడానికి రోగుల నుంచి అదనంగా 259 నిమిషాలు తీసుకున్నారు. అంటే డాక్టరు ఒక నిమిషం, రోగుల 86 నిమిషాలతో సమానమని పైకి చెప్పకుండానే నిర్ణయించారు. ఈ నిర్ణయాన్ని సాధారణంగా ఎవరూ కావాలని తీసుకోరు. ముందు నుంచీ ఇలాగే ఉంది అనే అలవాటులో అది దాగి ఉంటుంది.

1952లో నార్మన్ బెయిలీ అనే బ్రిటిష్ గణాంక శాస్త్రవేత్త ఈ సమస్యను లెక్కలతో పట్టుకున్నాడు. ఆసుపత్రుల అవుట్ పేషెంట్ విభాగాల అపాయింట్‌మెంట్ పద్ధతులను పరిశీలించి, సహోద్యోగి వెల్చ్‌తో కలిసి ఒక మధ్యేమార్గం సూచించాడు. మొదటి వేళకు ఇద్దరిని పిలవండి, ఆ తర్వాత సగటు సమయానికి ఒకరి చొప్పున పిలవండి. మన ఉదాహరణకు ఇది వర్తింపజేస్తే 9:00కి ఇద్దరు, 9:10కి మూడోవారు, అలా 10:00కి ఎనిమిదోవారు వస్తారు. ఎదురుచూపులు 0, 7, 12, 8, 16, 11, 13, 12. మొత్తం 79. డాక్టరు ఖాళీ సున్నా, పని 10:20కే పూర్తి. అదే మూడు నిమిషాల కోసం ఇక్కడ రోగులు అదనంగా ఇచ్చింది 259 కాదు, 49.

రోగులు రాకపోవడం అనే బెడదకూ ఇది కొంత జవాబు. మొదటి మనిషి రాలేదనుకోండి. పది నిమిషాల పద్ధతిలో డాక్టరు 9:10 దాకా గోడ చూస్తూ కూర్చోవాలి. బెయిలీ పద్ధతిలో రెండోవారు అప్పటికే బయట ఉన్నారు. ఇదే తర్కాన్ని సాగదీసి, ఎలాగూ కొందరు రారు కదా అని ప్రతి వేళకూ ఇద్దరిని రాసుకునే చోట్లు ఉన్నాయి. ఆ కొందరు కూడా వచ్చిన రోజున భారమంతా మిగతావారి మీద పడుతుంది. ఇంకా విచారకరం ఏమిటంటే, ఎలాగూ గంట ఆలస్యమవుతుందని తెలిశాక రోగులు ఆలస్యంగా రావడం మొదలుపెడతారు, కొందరు మానేస్తారు. దాన్ని చూసి మరింతమందిని రాసుకుంటారు. ఏది ముందు మొదలైందని తేల్చడం తర్వాత ఎవరి తరమూ కాదు.

డాక్టరుకు తీరిక తగ్గే కొద్దీ వరుస ఎలా పెరుగుతుంది

వరుసల లెక్క ఆసుపత్రిలో పుట్టలేదు. కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్, కాల్స్ కలవడానికి ఎన్ని లైన్లు కావాలో తేల్చుకునే పనిలో భాగంగా 1909లో తొలి పరిశోధనా పత్రం ప్రచురించాడు. ఆ శాస్త్రం చెప్పే ముఖ్యమైన మాట మన సహజ అంచనాకు అందదు. పని పది శాతం పెరిగితే ఎదురుచూపు కూడా పది శాతం పెరుగుతుందని అనుకుంటాం. అలా జరగదు.

అపాయింట్‌మెంట్ లేకుండా ఎవరు ఎప్పుడైనా రావొచ్చు, చూసే సమయం సగటున పది నిమిషాలే గానీ బాగా మారుతుంటుంది అనుకుందాం. డాక్టరు గంటకు ఆరుగురిని చూడగలరు. గంటకు సగటున ముగ్గురు వస్తుంటే ఒక్కొక్కరి సగటు ఎదురుచూపు 10 నిమిషాలు. డాక్టరు సమయంలో 80 శాతం నిండేంత మంది వస్తే అది 40 నిమిషాలు. 90 శాతం నిండితే 90 నిమిషాలు. 95 శాతం నిండితే 190, అంటే మూడు గంటల పైమాటే. 90 నుంచి 95కి పెరిగిన పని కొంచెమే, ఎదురుచూపు మాత్రం రెట్టింపు దాటింది. అందరికీ కచ్చితంగా పది నిమిషాలే పడితే ఈ అంకెలు సగానికి తగ్గుతాయి గానీ చివర్లో ఒక్కసారిగా పెరిగిపోయే తీరు మాత్రం అలాగే ఉంటుంది.

ఇవి వరుస చాలాకాలం అదే తీరున సాగితే వచ్చే అంకెలు. ఒక పూట ఓపీలో అంత దూరం వెళ్లకముందే పని ముగియవచ్చు, అపాయింట్‌మెంట్లు ఉంటే రాక కూడా కొంత క్రమంగా ఉంటుంది. పాఠం మాత్రం మారదు. డాక్టరుకు తీరిక లేకుండా చేయడమే సామర్థ్యం అని యాజమాన్యం అనుకున్న చోట పొడవాటి వరుస ప్రమాదవశాత్తు వచ్చినది కాదు. డాక్టర్ల కొరత ఉన్న చోట దీనికి సమాధానం కూడా బలమైనదే. పది శాతం ఖాళీ ఉంచడమంటే ఈ రోజు కొందరిని అసలు చూడకపోవడమే. వాళ్లకు గది బయట గంట తప్పుతుంది, తేదీ కోసం మరో వారం మొదలవుతుంది. మొదట విడదీసిన రెండు ఎదురుచూపులూ ఇక్కడ ఒకదానికొకటి అడ్డం తగులుతాయి.

తేదీ కోసం వారాలు ఆగడం ఎప్పుడూ కొరత వల్లేనా

డాక్టరు రోజుకు 15 మందిని చూస్తారు. అపాయింట్‌మెంట్ కోసం రోజుకు 15 ఫోన్లు వస్తాయి. రాకా పోకా సమానం. అయినా ఎవరు అడిగినా ఆరు రోజుల తర్వాతే తేదీ ఇస్తున్నారు. ఎందుకు? ఎప్పుడో డాక్టరు సెలవులో ఉన్నప్పుడు 90 మంది పేరుకున్నారు, ఆ 90 అలాగే ముందుకు జరుగుతూ వస్తున్నారు. తొంభైని పదిహేనుతో భాగిస్తే ఆరు రోజులు. వరుసలో ఉన్నవారి సంఖ్య, వచ్చే వేగం, ఆగే సమయం ఈ మూడింటికీ ఉన్న ఈ సంబంధాన్ని 1961లో జాన్ లిటిల్ నిరూపించాడు.

ఇది పాత బాకీ లాంటిది. రోజువారీ ఖర్చుకు రాబడి సరిపోతున్నా, అసలు తీర్చనంతకాలం బాకీ అలాగే ఉంటుంది. కొన్ని వారాలు రోజుకు ముగ్గురిని అదనంగా చూస్తే ముప్పై పనిదినాల్లో 90 మందీ తీరిపోతారు, ఆ తర్వాత అడిగిన రోజే చూడొచ్చు. అమెరికాలో మార్క్ మరే అనే వైద్యుడు ప్రచారంలోకి తెచ్చిన 'ఆ రోజు పని ఆ రోజే' పద్ధతికి పునాది ఇదే. దూరపు తేదీలు ఇవ్వకపోతే మరిచిపోయి రానివారూ తగ్గుతారన్నది వారి వాదన.

విమర్శకుల వాదననూ తేలిగ్గా తీసేయలేం. ఫోన్లు 15 కాదు, 18 వస్తుంటే బాకీ తీర్చినా మళ్లీ పేరుకుంటుంది. అప్పుడు ఈ పద్ధతి పొద్దున్నే ఫోన్ కోసం జరిగే పరుగుపందెంగా మారుతుంది. ఉద్యోగానికి సెలవు పెట్టుకోవాల్సినవారికి, ఎవరో ఒకరు తోడు రావాల్సిన వృద్ధులకు ముందే తెలిసిన తేదీ కావాలి. షుగరు, బీపీ లాంటివాటికి మూడు నెలలకోసారి రావలసినవారికి 'ఆ రోజు ఫోన్ చేయండి' అన్న మాట వల్ల ఒరిగేదేమీ లేదు.

ఇద్దరు డాక్టర్లకు ఒకే వరుస

పక్కపక్క గదుల్లో ఇద్దరు డాక్టర్లు, ఎవరి వరుస వారిది. ఇద్దరి సమయమూ 80 శాతం నిండి ఉంటే, పైన చూసినట్టు ఒక్కో వరుసలో సగటు ఎదురుచూపు 40 నిమిషాలు. ఆ రెండు వరుసలనూ కలిపి ఎవరు ఖాళీ అయితే వారు చూస్తే అది సుమారు 18 నిమిషాలకు పడిపోతుంది. ఒక గదిలో ఎవరూ లేకుండా పక్క గది బయట జనం కిక్కిరిసే పరిస్థితి తప్పుతుంది కాబట్టి ఇంత లాభం.

అయితే చికిత్స బ్యాంకు కౌంటరు పని కాదు. 2018లో ఒక పరిశోధక బృందం 22 అధ్యయనాలను వడపోస్తే, ఒకే డాక్టరును కొనసాగించడానికీ తక్కువ మరణాలకూ సంబంధం ఉన్నట్టు 18 అధ్యయనాల్లో కనిపించింది. ఒకటి రెండోదానికి కారణమని దీంతో రుజువైపోదు. కానీ మన చరిత్ర తెలిసిన డాక్టరు కోసం అరగంట ఎక్కువ ఆగే మనిషి చాదస్తంతో అలా చేస్తున్నాడని అనలేం. జ్వరానికి ఎవరైనా ఫరవాలేదు, పదేళ్ల గుండెజబ్బుకు నా డాక్టరే కావాలి అనేవారు ఈ రెండు లెక్కలనూ తెలియకుండానే సరిగ్గా వేసుకుంటున్నారు.

తర్వాత వచ్చినవారిని ముందు పిలవడం

ముందొచ్చినవారికి ముందు అన్నది అందరికీ అర్థమయ్యే న్యాయం. అత్యవసర విభాగంలో అది ప్రాణాంతకం. అందుకే అక్కడ రాగానే తీవ్రతను బట్టి విడదీస్తారు. దాన్ని ట్రయాజ్ అంటారు. బాగా వాడుకలో ఉన్న మాంచెస్టర్ పద్ధతిలో ఐదు రంగులు. ఎరుపు అయితే తక్షణం, నారింజకు 10 నిమిషాలు, పసుపుకు 60, ఆకుపచ్చకు 120, నీలానికి 240. నాలుగు గంటలు కూర్చున్న మనిషి ఒక విధంగా అదృష్టవంతుడు. కానీ తనకు ఏ రంగు ఇచ్చారో, ఎందుకిచ్చారో ఎవరూ చెప్పకపోతే అతనికి కనిపించేది తన తర్వాత వచ్చి ముందు వెళ్లిపోతున్నవాళ్లే.

ఎదురుచూపు ఎంత పొడవుగా అనిపిస్తుందన్నది గడియారం మీదే ఆధారపడదని 1985లో డేవిడ్ మైస్టర్ విడమరిచి చెప్పాడు. ఎంతసేపో తెలియని ఎదురుచూపు, కారణం చెప్పని ఎదురుచూపు, అన్యాయంగా తోచే ఎదురుచూపు, ఆందోళనతో ఉన్నప్పటి ఎదురుచూపు ఎక్కువ పొడవుగా అనిపిస్తాయి. డాక్టరు గది బయట ఈ నాలుగూ ఒకే మనిషి మీద ఒకేసారి పడతాయి. డాక్టరు నలభై నిమిషాలు ఆలస్యంగా నడుస్తున్నారు, మీ ముందు నలుగురున్నారు అని చెప్పడానికి కొత్త డాక్టరు అక్కర్లేదు, కొత్త గది అక్కర్లేదు. అయినా చెప్పరు. ఈ మొత్తం వ్యవహారంలో ఏ లెక్కతోనూ సమర్థించలేని భాగం ఇదేనని నా అభిప్రాయం. చెబితే జనం లేచి వెళ్లిపోతారన్న భయం కొందరిది. తెలిసి వెళ్లిపోయే అవకాశం రోగికి ఉండాల్సిందే. చెప్పడం వల్ల నిమిషాలు తగ్గవు, అసలు సమస్యను కప్పిపుచ్చే మంచిమాటగా మిగిలిపోతుంది అన్న అభ్యంతరం మాత్రం ఆలోచించదగ్గది.

ప్రభుత్వం గడువు విధిస్తే ఏమవుతుంది

ఇంగ్లండులో కుటుంబ వైద్యులు 48 గంటల్లోగా రోగిని చూడాలని లక్ష్యం పెట్టారు. కొన్ని క్లినిక్కులు దాన్ని సులువుగా అందుకున్నాయి. 48 గంటలకు మించి ముందుగా ఎవరికీ అపాయింట్‌మెంటే ఇవ్వడం మానేశాయి. వారం తర్వాత రమ్మని డాక్టరే చెప్పిన రోగికి కూడా ఇప్పుడు రాసుకోలేం, అప్పుడు ఫోన్ చేయండి అన్నారు. 2005 ఎన్నికల సమయంలో ఒక టీవీ చర్చలో ఒక మహిళ ఈ సంగతి నిలదీసేసరికి నాటి ప్రధాని టోనీ బ్లెయిర్ విస్తుపోయారు.

అదే దేశంలో అత్యవసర విభాగాలకు పెట్టిన నాలుగు గంటల గడువు కథ వేరు. మొదట 98 శాతం మందికి, 2010 నుంచి 95 శాతం మందికి అన్నది నియమం. నాలుగో గంట ముగిసే ముందు నిమిషాల్లో ఒక్కసారిగా రోగుల్ని వార్డుకో ఇంటికో పంపడం లెక్కల్లో స్పష్టంగా కనిపించింది. గడువు కోసమే హడావుడి అని విమర్శ వచ్చింది. అయితే ఆ గడువు వల్ల మరణాలు తగ్గాయని ఆర్థికవేత్తల అధ్యయనం ఒకటి తేల్చింది. రెండు గడువులకూ మధ్య ఒక తేడా ఉంది. అత్యవసర విభాగంలో అడుగుపెట్టి పేరు నమోదైన ప్రతి మనిషీ లెక్కలోకి వచ్చాడు. 48 గంటల లక్ష్యంలో ఫోన్ కలవక మానుకున్నవారి ఎదురుచూపు మాత్రం ఏ రిజిస్టరులోనూ పడలేదు.